పంకం లేని పుష్కరిణి

ఫాల్గుణం ముగిసే వేళకు చెరువుల నీరు వెనుకకు తగ్గి, అంచున బురద బయటపడుతుంది. కొంగలు, నీటికోళ్ళు, తాబేళ్ళు చేరేది ఆ బురదలోనే. వసంతమనగానే మామిడిచిగురు, కోకిల, మలయమారుతం మాత్రమే స్ఫురించేవారికి ఈ దృశ్యం కావ్యయోగ్యంగా తోచదు. మహాకవుల దృష్టి ఇంత సంకుచితం కాదు.

కిష్కింధాకాండ ప్రథమసర్గలో వాల్మీకి మహర్షి పంపాతీర వసంతాన్ని నూటికి పైగా శ్లోకాలలో వర్ణించాడు. కథ ముందుకు సాగడం లేదని పారాయణంలో కొందరు ఆ సర్గను త్వరత్వరగా దాటిస్తారు. కథ సాగకపోవడమే అక్కడి కథ! సీతావియోగంతో రామచంద్రునికి అడుగు పడడం లేదు. దాత్యూహం, అనగా నీటికోడి, కూసిన కూత ఆయనకు ఆశ్రమవాసంలోని జానకిని స్మరింపజేస్తుంది. దప్పిగొన్న ఏనుగులు, మృగయూథాలు ఆ సరస్సుకే దిగుతాయి. ఈ ప్రాణులను తొలగిస్తే రాముని శోకానికి ఆలంబనమే మిగలదు.

కాళిదాసు కుమారసంభవ తృతీయసర్గలో అకాలవసంతం ప్రవేశించగానే, ఆడ ఏనుగు పద్మపరాగ పరిమళంతో నిండిన నీటిని తొండంతో తీసి మగనికి అందిస్తుంది. ఆ పద్మానికి పంకజమని పేరు. ఋతుసంహారంలో గ్రీష్మం ముదిరాక, కాగిన బురదనీటి నుండి ఎగిరిన కప్ప దప్పిగొన్న పాము పడగనీడలో కూర్చుంటుంది. చూడనివాడు వ్రాయగల మాట కాదది.

పంకమంటే అవిద్య, తేటనీరంటే శుద్ధచిత్తం అని వెంటనే అన్వయించే ఉపన్యాసకులున్నారు. దృష్టాంతం శాస్త్రసమ్మతమే. ఆత్మబోధలో శంకరభగవత్పాదులు చిల్లగింజ పొడిని జ్ఞానానికి ఉపమానంగా చెప్పారు: కలకనీటిని తేర్చి, ఆ పొడి తానూ లయిస్తుంది. కాని కలకనీరు తేరుకోవడాన్ని ఒక్కసారైనా చూచినవానికే ఆ ఉపమానం హృదయంగమమవుతుంది. దృష్టం లేనిదే దృష్టాంతం ఎక్కడిది? యంత్రం వడపోసిన నీరే ఎరిగిన శ్రోతకు అది వట్టి మాటగా మిగులుతుంది. పైగా కడవలో నీరు తేరినప్పుడు బురద అడుగున నిలుస్తుందే గాని, ఎవరూ కడవను పగులగొట్టరు.

ఇప్పుడు కోనేళ్ళ విషయంలో జరుగుతున్నది దాదాపు అదే. జీర్ణోద్ధరణ పేరిట, సదుద్దేశంతోనే, దాతలు పుష్కరిణి అడుగంతా సిమెంటుతో కప్పిస్తున్నారు. నీలిరంగు పలకలు పరిచినవీ ఉన్నాయి. అక్కడ తామరదుంప నాటుకోదు. అర్చనకు తామరలు అంగడి నుండి వస్తాయి. కప్పకు వేసవి గడపడానికి తడిమన్ను దొరకదు. ఋగ్వేద సప్తమమండలంలోని నూటమూడవ సూక్తంలో వసిష్ఠ మహర్షి, సంవత్సరకాలం వ్రతమౌనంలో ఉండి వర్షారంభంతో గొంతెత్తే మండూకాలను బ్రాహ్మణులతో పోల్చి స్తుతించాడు. వానలకై ఆ మండూకసూక్తాన్నే పఠింపజేసే ఆలయం తన కోనేటిలో కప్పకు చోటు లేకుండా చేయడం ఏ విధమైన శౌచం?

స్నానఘట్టాలకు రాతికట్టు ఉండవలసిందే. పాచి, ప్లాస్టిక్ చెత్త, మురుగునీరు చేరనీయరాదు. అది బురదతో సంబంధం లేని వేరే అపరాధం. పూడిక తీయించడం కూడా అవసరమే. అటుపై అడుగుమట్టిని మట్టిగానే విడిచిపెట్టమని పని మొదలుకాకమునుపే ధర్మకర్తలు స్థపతికి స్పష్టంగా చెప్పాలి. సిమెంటు పడిన తరువాత చెప్పి ప్రయోజనం లేదు.