షిఫ్టు దిగాక: గీత దాటిందా, దాటలేదా?

పోయిన నెల మన హళ్ళిఖేడ్ (బి)లో, కాలనీ వెనక మైదానంలో జరిగిన ఫుట్‌బాల్ ఆట సంగతి మీలో చాలామందికి ఈపాటికే చేరి ఉంటుంది. షోలాపూర్ నుంచి మా మేనల్లుడు కూడా ఫోన్ చేసి అడిగాడు. అయితే ఒక్కో వాడకు ఒక్కో రకంగా చేరింది. "సీటీ ఊది ఓడగొట్టిండ్రు" అని కొందరు, "నసీబు లేకపాయె" అని కొందరు. ఆ సాయంత్రం నేను గట్టు మీదే ఉన్నాను. చూసింది చూసినట్టు చెప్తాను. నేను చేసిన తప్పు కూడా చెప్తాను.

కాలేజీకి పోయే మన పోరలు ఫైనల్ దాకా వచ్చారు. పదకొండు మందిలో ఎనిమిది మంది కార్మికుల పిల్లలే. రెండు వైపులా గోల్ లేదు. ఇంకో నాలుగు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా మన పోరడు దూరం నుంచి కొట్టిన బంతి పైకర్రకు తగిలి, టప్పున గీత దగ్గర పడి, వాళ్ల గోల్‌కీపర్ చేతుల్లోకి పోయింది. మనవాళ్లంతా చేతులు లేపి "గోల్, గోల్" అని అరిచారు. రెఫరీ చెయ్యి ఊపి "ఆడండి" అన్నాడు. తర్వాత పెనాల్టీలకు పోయింది. మన చివరి దెబ్బ పక్కకర్రకు తగిలి బయటికి పోయింది. 4-3తో ఓడిపోయాం.

ఒకే సాయంత్రం రెండుసార్లు కర్ర అడ్డం వచ్చింది. దానికే కడుపు మండిపోతుంది. దాని మీద ఇంకొకటి: ఆ రెఫరీ పరాయి ఊరివాడు కాదు. మన మూడో లైన్‌లో ఉండే ఫిట్టరన్న. పొద్దున నైట్ షిఫ్టు దిగి, నాలుగు గంటలు పడుకుని, సీటీ మెడలో వేసుకుని వచ్చాడు. ఆయనకు ఇచ్చింది రెండు అరటిపండ్లు, ఒక చాయ్.

"అమ్ముడువోయిండు!" అని గట్టు మీద ఒకడు అరిచాడు. ఆ మాట అందుకుని నలుగురు అరిచారు. ఆ నలుగురిలో నేను ఒకణ్ణి.

ఆ రాత్రి చాయ్ హోటల్లో పంచాయితీ సాగింది. బీకాం చదివే పోరడు బల్ల గుద్ది చెప్పాడు. "కాకా, బాల్ జానెడు లోపల వడ్డది. నేను నా కండ్లతోని చూసిన." నువ్వు ఎక్కడ నిలబడ్డావురా అంటే, నడి మైదానంలో అన్నాడు. ఇంకొకడు, "రెఫరీ ఇచ్చినా ఇయ్యకున్నా మనకు నసీబే లేదు. రెండుసార్లు కర్రకు తాకుడేంది?" అన్నాడు. మూడోవాడు, "అట్లయితే ఆడుడు ఎందుకు, చిట్టీలు ఏసుకుంటె అయిపోతది గద" అని ఎత్తిపొడిచాడు. బంతి కొట్టిన పోరడు మాత్రం మూలకు కూర్చుని గ్లాసులోకి చూస్తున్నాడు. వాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు.

తెల్లారేసరికి ఫిట్టరన్న తలుపు మీద ఎవరో సుద్దతో ఒక మాట రాశారు. ఆ మాట ఇక్కడ రాయను. నల్లా దగ్గర ఆడవాళ్లు వదినతో మాట్లాడటం మానేశారు. ఏడో తరగతి చదివే వాళ్ల బిడ్డ, ఆటోలో పక్కన కూర్చోనీయలేదని ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది. ఆ ముచ్చట మా ఇంటావిడ చెప్పినప్పుడు నాకు అన్నం దిగలేదు.

ఎందుకంటే నేను ఇరవై రెండేళ్లు కాంటా మీద కూర్చున్నవాణ్ణి. చెరుకు బండి నిండుగా ఎక్కినప్పుడు ఒక తూకం, ఖాళీగా ఎక్కినప్పుడు ఒక తూకం. మధ్యలో డ్రైవర్ దిగాడా లేదా, చక్రాలకు బురద ఎంత అంటింది, అన్నీ చూసుకోవాలి. రైతు ఇంటి దగ్గర వేసుకున్న అంచనాకు రెండు క్వింటాళ్లు తక్కువొస్తే ముందు నా మొహం మీదే అరిచేవాడు. అతని కష్టం అతనిది. కానీ "దొంగ" అన్న మాట పడ్డవాడికి ఆ రాత్రి నిద్ర ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. మోసం లోకంలో లేదని అనను. తప్పు వేరు, మోసం వేరు. మోసం అనాలంటే రుజువు ఉండాలి. మన దగ్గర ఉన్నది కోపం ఒక్కటే.

ఇంతకంటే పెద్ద దెబ్బ మన దేశమే తిన్నది. 2024 జూన్ 11న ఖతార్‌లో, దోహాలో వరల్డ్ కప్ క్వాలిఫయింగ్ ఆట. గెలిస్తే మన జట్టు మొదటిసారి మూడో రౌండుకు పోతుంది. 37వ నిమిషంలో చాంగ్తె గోల్ కొట్టాడు. 73వ నిమిషం దాకా మనదే పైచేయి. అప్పుడు ఫ్రీకిక్ మీద యూసుఫ్ ఐమన్ తలతో కొట్టిన బంతిని మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఆపాడు. బంతి జారి గోల్ పక్కన గీత దాటి బయటికి పోయింది. టీవీలో చూసినవాళ్లందరికీ తేటగా కనిపించింది. ఖతార్ ఆటగాడు దాన్ని మడమతో లోపలికి లాగాడు, ఐమన్ గోల్‌లో వేశాడు. మనవాళ్లు ఆట ఆగిందనుకుని నిలబడిపోయారు. దక్షిణ కొరియా రెఫరీ కిమ్ వూ-సంగ్ గోల్ ఇచ్చేశాడు. 85వ నిమిషంలో ఇంకో గోల్ పడింది. 2-1తో ఓడిపోయాం. మన ఫెడరేషన్ ఫిర్యాదు చేసింది, విచారణ అడిగింది. ఫలితం మారలేదు.

ఆ రౌండులో వీడియో రెఫరీ లేడు. అదే ఖతార్ దేశంలో ఏడాదిన్నర ముందు, 2022 డిసెంబర్ 1న, వరల్డ్ కప్‌లో జపాన్, స్పెయిన్ ఆడాయి. గీత మీది నుంచి జపాన్ ఆటగాడు మితోమా బంతిని వెనక్కి తోశాడు, తనాకా గోల్ చేశాడు. పక్కనుంచి తీసిన ఫొటోల్లో బంతి బయటికి పోయినట్టే ఉంది. వీడియోలో అన్ని వైపులా చూస్తే వెంట్రుకవాసి గీత మీదే ఉందని తేలింది. గోల్ ఇచ్చారు. జపాన్ 2-1తో గెలిచింది. ఆ గ్రూపులో ఉన్న జర్మనీ ఇంటిదారి పట్టింది.

రూలు ఏమంటుందో వినండి. బంతి మొత్తం గీత మొత్తాన్ని దాటాలి. బంతి గుండ్రం కదా, నేలకు తాకే చోటు దాటినా దాని పొట్ట ఇంకా గీత మీద ఉండొచ్చు. నేల మీద ఉన్నా గాలిలో ఉన్నా లెక్క ఒక్కటే. అందుకే గీతకు సరిగ్గా ఎదురుగా నిలబడ్డవాడికే నిజం కనపడుతుంది. పది అడుగులు పక్కకు జరిగితే కన్ను మోసం చేస్తుంది. పెద్దాటకు డజన్ల కెమెరాలు పెట్టారు, చిన్నాటకు పెట్టలేదు. మన ఆటకు కెమెరా సంగతి అటుంచండి, గోల్‌కు వల కూడా లేదు.

మరి ఖతార్‌లో ఓడింది రెఫరీ వల్లేనా? ఇక్కడ కాంటా మనిషిగా లెక్క తీస్తాను, ఓపిక పట్టండి. ఆ గ్రూపులో మనకు వచ్చినవి ఆరు ఆటల్లో 5 పాయింట్లు. కువైట్‌కు 7. కువైట్, ఖతార్ ముందుకు పోయాయి. ఖతార్ ఆటకు రెండున్నర నెలల ముందు, 2024 మార్చి 26న, మన గడ్డ మీద గువాహటిలో అఫ్గానిస్తాన్‌తో ఆడాం. అది సునీల్ ఛెత్రీకి 150వ ఆట. ఆయన పెనాల్టీతో 1-0 చేశాడు. తర్వాత 70వ నిమిషంలో ఒకటి, 88వ నిమిషంలో ఒకటి ఇచ్చుకుని 2-1తో ఓడిపోయాం. అది గెలిచి ఉంటే మన 5కు 3 కలిసి 8 అయ్యేవి. కువైట్ 7 దగ్గరే ఉండేది. దోహాలో ఆ దొంగ గోల్ పడినా సరే, మనమే ముందుకు పోయేవాళ్లం.

అట్లని రెఫరీ తప్పు తప్పు కాకుండా పోదు. అన్యాయం జరిగింది, అడగాల్సిందే. కానీ అన్యాయం మన మీద పడ్డ రోజున తట్టుకునేంత మిగులు మనం ముందే కూడబెట్టుకున్నామా లేదా, ఆ ప్రశ్న కూడా అడగాలి. మనకిది కొత్త కాదు. జీతం రెండు వారాలు ఆలస్యమైతే అది మన తప్పు కాదు. అయినా డబ్బాలో నాలుగు శేర్ల బియ్యం మిగిల్చిన ఇల్లు ఆ రెండు వారాలు గట్టెక్కుతుంది.

ఇంకో ముచ్చట. అదే జూన్ 11, 1963లో హైదరాబాద్ మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం చనిపోయిన రోజు. బడిపంతులుగా పనిచేసిన మనిషి, హైదరాబాద్ పోలీసు జట్టును తయారుచేసిన కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది ఆయన చేతి మీదే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయారు. తర్వాత ఆటల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. స్టేడియం మొత్తం మనకు ఎదురు తిరిగి గోల చేసింది. ఇంతకంటే చెడ్డ నసీబు ఏముంటుంది? రహీం సాబ్ కుట్లు పడ్డ జర్నైల్‌ను వెనక నుంచి తీసి ముందు ఆడించాడు. ఫైనల్‌లో అదే దక్షిణ కొరియా మీద పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2-1తో బంగారు పతకం.

సరే, మన మైదానానికి వద్దాం. ఆదివారం పొద్దున నేను ఫిట్టరన్న ఇంటికి పోయాను. "తమ్మీ, నేను గూడ ఒర్లిన. తప్పయింది" అన్నాను. వదిన చాయ్ పెట్టింది గానీ మాట మాట్లాడలేదు. ఆమెను ఏమీ అనలేను. ఫిట్టరన్న చెప్పింది ఇది: "అన్నా, నాకు కనవడలే. కనవడనిది ఎట్ల ఇస్త? నేను ఎనకవడ్డ. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన, కాళ్లు ఉరకలే. దగ్గర ఉంటె ఏం చూస్తుంటినో, నాకే ఎర్కలేదు."

ఈ మాట గట్టు మీద అరిచిన మా నలుగురిలో ఒక్కరికైనా నోట్లోంచి వచ్చేదా?

ఆయన్ను వెంటబెట్టుకుని మైదానానికి పోయాం. పోరలను కూడా పిలిచాను. సున్నం గీత కాళ్ల కింద ఎప్పుడో చెరిగిపోయింది. తాడు కట్టి మళ్లీ గీశాం. బంతిని గీతకు అటూ ఇటూ పెట్టి, ఆ రోజు ఎవరు ఎక్కడ ఉన్నారో అక్కడే నిలబడి చూశాం. నడి మైదానం నుంచి బీకాం పోరడు "లోపల" అన్నాడు. దగ్గరికొచ్చి చూస్తే గీత మీదే ఉంది. ఇంకోసారి పెట్టినప్పుడు "బయట" అన్నాడు, చూస్తే లోపలే ఉంది. రెఫరీ నిలబడ్డ చోట నుంచైతే గోల్‌కీపర్ ఒళ్లు అడ్డం, గీతే కనపడలేదు. ఆ రోజు బంతి దాటిందా లేదా అన్నది మాకు తేలలేదు. ఇక తేలదు కూడా.

అప్పుడు బంతి కొట్టిన పోరడు నోరు విప్పాడు. "కాకా, రెండో హాఫ్‌ల నేను ఒక్కణ్నే గోల్ ముంగట ఉండి పైకెల్లి కొట్టిన. దాన్ని ఎవ్వరు అడుగుతలేరు. మూడు దినాల సంది అదే కండ్ల ముంగట తిరుగుతున్నది." ఫిట్టరన్న వాడి భుజం మీద చెయ్యి వేశాడు. "నాది ఒకటి, నీది ఒకటి. రెండు గలిస్తే ఓడినం" అన్నాడు. పోరలు నవ్వారు. ఆ మధ్యాహ్నమే ఇద్దరు పోయి ఆ తలుపు కడిగి వచ్చారు. రాసింది వాళ్లేనా అని నేను అడగలేదు.

ఇక చేయాల్సిన పని. ఒకటి, రెండు గోల్‌లకు వలలు కొనాలి. వల ఉంటే లోపల పడ్డ బంతి చాలామటుకు అక్కడే చిక్కుతుంది, పంచాయితీ సగం తగ్గుతుంది. ఇంటికి ఇరవై రూపాయలు అనుకున్నాం, కిరాణా కొట్టులో డబ్బా పెట్టాం. రెండు, జెండా పట్టుకుని నిలబడేందుకు రెండు వైపుల నుంచి చెరో మనిషి ఉండాలి, వాళ్లకు రూలు ముందే చెప్పాలి. మూడు, హాఫ్ టైంలో సున్నం గీత మళ్లీ గీయాలి. నాలుగు, అభ్యంతరం ఉంటే కెప్టెన్ ఆ సాయంత్రమే కాగితం మీద రాసి కమిటీకి ఇవ్వాలి. తలుపుల మీద రాతలు వద్దు. నల్లా దగ్గర వదినతో మాట కలపడానికి మాత్రం కమిటీ అక్కర్లేదు, రేపు పొద్దున బిందె పట్టుకుని పోయినప్పుడు పలకరించండి.

వచ్చే ఆటకు సీటీ మళ్లీ ఫిట్టరన్నే పట్టుకుంటానన్నాడు. ఒక్కటే షరతు పెట్టాడు, ముందురోజు ఆయనకు నైట్ షిఫ్టు ఉండొద్దు. ఇది చదివేవాళ్లలో టైమ్ ఆఫీసువాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చూడండి.