కాజీపేటలో పగలే రాత్రి

సికింద్రాబాద్, విజయవాడ, బల్లార్షా దారులు కలిసే కాజీపేట జంక్షన్‌కు రాత్రీ పగలూ ఒక్కటే. ఇక్కడి డ్రైవర్లు, గార్డులు, లోకోషెడ్ కార్మికులు ఎందరో తెల్లవారాక డ్యూటీ దిగి ఇంటికొస్తారు. ఊరు లేచే వేళకు వారు పడుకోవాలి. సరిగ్గా అప్పుడే పక్కింట్లో టీవీ మోగుతుంది, మిక్సీ తిరుగుతుంది, వీధిలో మైకు అందుకుంటుంది.

మైకులకు చట్టం ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించరాదు. మైకు పెట్టాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి. అయితే ఈ చట్టానికి రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకే. పగలు పడుకునేవాడి గోడు దానికి పట్టదు. పక్కింటి టీవీ మీద ఠాణాకు వెళితే నిద్ర రాకపోగా పగ మిగులుతుంది.

ఇది ఒక ఇంటి గొడవ కాదు. ఎనిమిది గంటలు, అంతకు మించి డ్యూటీ చేసిన డ్రైవరుకు సొంత ఊళ్లో 16 గంటల విశ్రాంతి ఉండాలని రైల్వే నిబంధన. రైల్వే సెలవు ఇవ్వగలదు గాని నిద్ర ఇవ్వలేదు. అది ఇరుగుపొరుగు చేతిలో ఉంది. నిద్ర చాలని కళ్లతో ఇంజన్ ఎక్కితే వెనక పెట్టెల్లోని వందల ప్రాణాలకు ముప్పు.

అలాగని పక్కింటివారు వంట మానుకోలేరు, పిల్లల నోరు కట్టలేరు. తప్పు సగం గోడలది. అద్దె కోసం వరుసగా కట్టిన రేకుల ఇళ్లలో నడిమి గోడ చాలాచోట్ల రేకు దాకా పోదు. ఆ సందులోంచి మాట మాటా వినబడుతుంది. యజమానులు ఆ సందు ఇటుకతో మూయిస్తే, పగుళ్లు పూయిస్తే సగం పోరు తీరుతుంది. కొత్తగా కట్టేవారు నడిమి గోడ తొమ్మిదంగుళాలు పెట్టాలి. టీవీని ఉమ్మడి గోడకు బిగించకుండా ఎదుటి గోడకు మార్చుకుంటే పైసా ఖర్చు లేదు.

అన్నిటికంటే ముందు ఒక మాట కావాలి. “అక్కా, మా ఆయన రాత్రి డ్యూటీ దిగి వచ్చిండు, మధ్యాహ్నం దాకా జర చూడు” అంటే కాదనేవారు తక్కువ. రాత్రంతా పొలానికి నీళ్లు కట్టి వచ్చిన రైతు పడుకుంటే పల్లెలో అరుగు మీద గొంతులు తగ్గుతాయి. ఆ మర్యాద కాజీపేట గల్లీల్లోనూ నిలవాలి. కాలనీ పెద్దలు పూనుకుని, పగటి మైకుల మీద పోలీసులు కన్నేసి ఉంచాలి.