మాత్ర బడికి, పురుగు కయ్యలో
– సీమవాసి

నులిపురుగుల నివారణ దినం వచ్చిందంటే పేపర్లో ఏ ఫొటో పడుతుందో నాకు ముందే తెలుసు. నోరు తెరిచిన పిల్లాడు, వాడి నాలుక దగ్గర మాత్ర పట్టుకున్న ఒక పెద్దమనిషి చెయ్యి. ఆ పెద్దమనిషి కళ్ళు మాత్రం కెమెరా వైపు. ఈ వారం కూడా పడింది. మాత్ర మీద నాకేం కోపం లేదు. ఆల్బెండజోల్ మంచి మందు, చవక మందు, పిల్లలకు వెయ్యాల్సిందే. నా బాధంతా ఆ ఫొటోలో లేని మనిషి గురించి. ఆ పిల్లాడి అమ్మ ఎక్కడుంది?

ఆ వేళకు ఆమె చెరుకు కయ్యలో ఉంది, వట్టి కాళ్ళతో.

నులిపురుగులన్నీ ఒకటే అనుకుంటాం మనం. చెయ్యి కడుక్కోకుండా తింటే వచ్చేవి వేరు, కొంకి పురుగు వేరు. దీనికి నోటితో పని లేదు. మలంతో నేల మీద పడిన గుడ్డు, నీడా తేమా ఉన్న మన్నులో ఒకటి రెండు రోజులకే పగిలి పిల్ల పురుగు బయటికొస్తుంది. వారం పది రోజులు తిరిగేసరికి ఏ పాదం వస్తుందా అని కాచుకుని ఉంటుంది. పాదం ఆనిందా, తోలు తొలుచుకుని లోపలికి పోతుంది. రక్తంలో పడి గుండె మీదుగా ఊపిరితిత్తులకు, అక్కణ్ణించి గొంతులోకి పాకి, మింగుడుతో కడుపులోకి దిగి, చివరికి చిన్నపేగు గోడను కరుచుకుంటుంది. ఈ చుట్టుదారి కనిపెట్టడానికి ఒకాయన చెయ్యి కాలింది. 1898లో కైరోలో ఆర్థర్ లూస్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ పిల్ల పురుగులున్న నీళ్ళు చేతి మీద ఒలకబోసుకున్నాడు. చెయ్యి ఎర్రబడి మండింది. కొన్ని వారాలు పోయాక చూసుకుంటే ఆయన మలంలోనే గుడ్లు. మన పల్లెల్లో వానాకాలం కాలివేళ్ళ సందుల్లో దురదొస్తే బురద పడలేదని కాస్త పసుపు రాసి ఊరుకుంటాం. అందులో కొన్ని లూస్ గారి చెయ్యి మంట లాంటివే.

దక్షిణాదిన ఎక్కువగా కనిపించే రకం పేరు నెకేటర్. సెంటీమీటరు పొడవు, దారప్పోగంత మనిషి. ఒక్కో పురుగు వల్ల రోజుకు పోయే రక్తం 0.03 మిల్లీలీటర్లు. ఇంతేనా అంటారు. వంద పురుగులుంటే రోజుకు మూడు మిల్లీలీటర్లు, నెలకు తొంభై, నాలుగు నెలలకు 360. రక్తదాన శిబిరంలో ఒక్కసారికి తీసే సంచి 350! ఆడవాళ్ళు నాలుగు నెలలు నిండకుండా మళ్ళీ రక్తం ఇవ్వకూడదని నియమం. మా చెరుకు కూలి ఆ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తోంది. కాకపోతే ఆమెకు సర్టిఫికెట్టు లేదు, అరటిపండు లేదు, ఫొటో అసలే లేదు. హిమోగ్లోబిన్ 12.5 లేకపోతే శిబిరంవాళ్ళు వెనక్కి పంపేస్తారు. పురుగు పంపదు. ఇంకో సంగతి, ఇది కడుపులో పడి పిల్లలు పెట్టి పెరిగేది కాదు. లోపల వంద ఉన్నాయంటే, వందా ఒక్కొక్కటిగా బయటినుంచి వచ్చినవే.

మన ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ళలోపు పిల్లల్లో రక్తహీనత 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 58.6 శాతం. దేశంలో ఈ మాత్రల దినాలు మొదలైంది 2015లో. 2019-21 సర్వేకు అది 63.2 అయింది. ఆడవాళ్ళలో 60 నుంచి 58.8కి దిగింది లెండి, అది చెప్పకపోతే లెక్కల మేస్టర్లు ఉత్తరాలు రాస్తారు. రక్తం తగ్గడానికి పురుగొక్కటే కారణం కాదు, తిండి ఉంది, కాన్పులు ఉన్నాయి. సరే. కానీ ఒకటి నుంచి పంతొమ్మిదేళ్ళ వరకే మాత్ర అని గీత గీస్తే, ఇరవయ్యో ఏట కొంకి పురుగు రిటైరవుతుందా? వయసుతోపాటు పెరిగే పురుగు ఇది, పెద్దవాళ్ళలోనే ఎక్కువ. చిత్తూరుకు ఆనుకునే ఉంది వేలూరు. అక్కడి సీఎంసీ ఆసుపత్రి వైద్యులు డీవార్మ్‌3 అనే పరిశోధనలో తిమిరి పల్లెల్లో, జవ్వాదు కొండల్లో పిల్లలకే కాకుండా ఇంటిల్లిపాదికీ ఏడాదికి రెండుసార్లు మాత్ర వేసి చూశారు. మనం అంతదాకా పోనక్కరలేదు. ఉపాధి హామీ పని దగ్గర రోజూ హాజరు వేస్తారు కదా, ఆ పూటే ఒక మాత్ర చేతిలో పెట్టండి. తొలి మూడు నెలల గర్భిణులను మాత్రం వదిలెయ్యండి.

ఇక చెప్పులు. ఈ శీర్షికలో చెప్పుల గురించి రాయడం ఇది నాలుగోసారి, అయిదోసారీ రాస్తాను. తిరుపతిలో చెప్పులు పోయాయని గోల పెట్టని భక్తుడు లేడు. అలిపిరి దగ్గర వాటిని విప్పి 3,550 మెట్లు వట్టి కాళ్ళతో ఎక్కుతాం. ఎక్కండి, బండమెట్ల మీద ఈ పురుగు బతకదు. బతికేది కింద, తోటల్లో. అక్కడ పనిచేసేవాళ్ళకు చెప్పులు ఎవరివ్వాలి? బడిపిల్లలకు పుస్తకాల సంచితోపాటు బూట్లిస్తున్నారు, సంతోషం. ప్రభుత్వం మారితే ఆ సంచి పేరు మారుతుంది, అదీ అలవాటైపోయింది. బూట్లు ఏడాదికొక జత. పిల్లల పాదాలేమో ఏడాది పొడుగునా పెరుగుతాయి.

అసలు చెప్పులకన్నా ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. మన పల్లెల్లో బహిరంగ మలవిసర్జన లేదని 2019 అక్టోబరు 2న ప్రకటించుకున్నాం. ఇళ్ళల్లో దొడ్లు కట్టారు, కాదనను. పొద్దున ఆరింటికి ఆటో ఎక్కి, చీకటి పడ్డాక దిగే కూలి ఆడమనిషికి ఇంట్లో దొడ్డి ఎందుకు? మదనపల్లెలో టమోటాకు యార్డు ఉంది, షెడ్డు ఉంది, వేలంపాట ఉంది. ఆ టమోటా కోసిన మనిషి చాటుకు పోవాలంటే గెనిమ పక్కన తుప్పలు. మానం కోసం ఆమె వెతుక్కునే నీడా, బతకడానికి పురుగు వెతుక్కునే నీడా ఒక్కటే. రేపు అదే నీడకు ఇంకో ఆడమనిషి వెళ్తుంది. వందేళ్ళ కిందట, చిత్తూరు మదరాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌వాళ్ళు ఈ పురుగును వెతుక్కుంటూ వచ్చి మందుతోపాటు దొడ్ల సంగతీ చెప్పారు. మందు సంగతి గుర్తుపెట్టుకున్నాం.

మొన్న వాన వెలిశాక మా ఊరి దారిలో ఒక చెరుకు కయ్య దగ్గర ఆటో ఆగింది. ఎనిమిది మంది దిగారు. ఉన్న ఒక్క జత బురదలో తెగిపోతుందని, ఎనిమిది మందీ చెప్పులు విప్పి గెనిమ మీద వరసగా పెట్టి, కయ్యలోకి దిగారు.