గ్యాస్ గీజర్ బయటే ఉండాలి



చలిదేశాల్లో గ్యాస్ మండించి ఇల్లంతా వెచ్చగా ఉంచుకుంటారు. తాడిమర్రిలో మనకు ఆ అవసరం లేదు. అయితే డిసెంబరు, జనవరి నెలల్లో స్నానానికి వేడినీళ్ళు కావాలి. కరెంటు లేకపోయినా నిమిషంలో నీళ్ళు కాగుతాయని కొందరు గ్యాస్ గీజర్ కొంటున్నారు. కొనడం తప్పు కాదు. దానిని స్నానాల గదిలో బిగించడమే తప్పని నా అభిప్రాయం.

సిలిండర్ లీకైతే వాసన వస్తుంది. వాసన తెలియడానికే అందులో ఒక రసాయనం కలుపుతారు. కానీ మూసిన గదిలో గాలి చాలక గ్యాస్ సరిగా మండనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి, ఆపైన స్పృహ తప్పడం. లోపల గడియ వేసి ఉంటే పిలిచినా పలకరు.

"చిన్న కిటికీ ఉందిగా" అంటారు. చలికి దాన్ని మూసేది మనమే కదా! అందుకే గీజర్‌ను, సిలిండర్‌ను గాలి బాగా ఆడే బయటి గోడకు పెట్టించి, నీళ్ళ పైపు మాత్రమే లోపలికి తీసుకోండి. ఏటా చలికాలానికి ముందు మెకానిక్‌తో బర్నర్ శుభ్రం చేయించండి. మంట నీలంగా ఉండాలి. పసుపుగా మారితే వాడకం ఆపండి. రబ్బరు ట్యూబుపై ముద్రించిన గడువు చూసి మార్చండి.

ఎవరైనా పడిపోతే తలుపు తెరిచి, గ్యాస్ కట్టేసి, వెంటనే ఆరుబయటికి తీసుకువచ్చి 108కి ఫోన్ చేయండి.

పైపుకు అయ్యే నాలుగు రూపాయలు చూసుకోకండి. ప్రాణం పోతే తిరిగి రాదు.