లారీ డ్రైవరు ఎడమకాలు

మన కోనసీమ కొబ్బరికాయ చెట్టు దిగిన దినము మొదలు ఉత్తరదేశపు అంగడి చేరువఱకు ఎందఱి చేతులమీదుగా పోవునో మన మెఱుగనిది కాదు. దింపువాడు, ఒలుపువాడు, మోతవాడు, వీరిని గూర్చి అపుడపుడు సభలలో ప్రసంగములు వినుచున్నాము. అంబాజీపేటలో కాయ నెక్కించుకొని, రావులపాలెమువద్ద పెద్ద రహదారి పట్టి, దినముల తరబడి పోవు లారీ డ్రైవరును మాత్రము, ఏ ప్రమాదమో జరిగి అతని పేరు పోలీసు కాగితములలో కెక్కిననాడు తప్ప, మనము తలచుట లేదు. నేడు ఆ మనిషి ఎడమకాలిని గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిని. చదువరులు నవ్వవలదు.

గేరు మార్చునపుడెల్ల ఎడమకాలితో క్లచ్చి నొక్కవలయును. కోనసీమలోని ఇరుకైన కాలువగట్టు రోడ్డుపై ఇది ఎట్టి పనియో కూర్చుండి చూచినగాని తెలియదు. ఎదుట బస్సు వచ్చును. గడ్డి ట్రాక్టరు అడ్డముగా నిలుచును. బడిపిల్లల సైకిళ్లు, గేదెలు, వంతెన ఎక్కుడు. ప్రతిచోటను గేరు దిగుటయు, మరల ఒకటి, రెండు, మూడని ఎక్కుటయు. ఒకానొక వ్యాజ్యెము నిమిత్తము దారి పరిశీలించుటకై నేనొకమారు అంబాజీపేటనుండి కొత్తపేటవఱకు కాయలారీలో డ్రైవరు ప్రక్కను కూర్చుండి పోయితిని. క్లచ్చి నొక్కుటను లెక్కింప మొదలిడి, నూఱు దాటగానే లెక్క విడిచితిని. కొత్తపేట యింకను రాలేదు. ఇరువదేండ్లకు పైగా ఆ పనిలో నున్న ఆ డ్రైవరును మోకాలి సంగతి అడుగగా, "రాత్రి పడుకున్నాక కూడా కాలు క్లచ్చి తొక్కుతానే ఉంటదండి ప్లీడరుగారూ" అని నవ్వెను. నాకు నవ్వు రాలేదు.

క్లచ్చి పెడలు లేని లారీలు ఇప్పుడు వచ్చియున్నవి. వోల్వోవారు ఐ-షిఫ్ట్ అను నట్టి ఏర్పాటును 2001లోనే వెలువరించిరి. టాటావారును, అశోక్ లేలాండువారును మన దేశమున అట్టి లారీలను అమ్మకమునకు పెట్టిరి. వీనిలో గేరుచక్రములు పాతవానివంటివే. క్లచ్చియు లోపల నున్నది. కాని దానిని నొక్కుటయు, గేరు మార్చుటయు యంత్రమే చేయును; ఎప్పుడు మార్చవలయునో ఒక చిన్న కంప్యూటరు నిర్ణయించును. ఎడమకాలికి పనిలేదు.

దీనివలన డ్రైవరు విద్య నశించునని విలపించువారు కొందఱు కలరు. వీరిలో క్లచ్చి త్రొక్కి జీవించువా రొక్కరును నాకు కనబడలేదు! పూర్వము గేరు మార్పునకు రెండుమారులు క్లచ్చి నొక్కవలసియుండెను. 1928లో కాడిలాకు కార్లలో సింక్రోమెష్ వచ్చి, క్రమక్రమముగా ఆ కష్టమును తొలగించెను. దానికై ఎవ్వరును కంటతడి పెట్టలేదు. బరువు ఏ ప్రక్కకు ఒఱగుచున్నదో కనిపెట్టుట, మెత్తని గట్టు అంచున చక్రము దిగకుండ చూచుకొనుట, సందులో వెనుకకు నడుపుట, ఇదియే విద్య. ఇది ఎక్కడికిని పోదు.

ఘాట్ రోడ్ల విషయమున మాత్రము వారి మాటలో సత్యము కలదు. మారేడుమిల్లినుండి చింతూరు పోవు కొండదారిలో నిండులారీ దిగునపుడు చిన్న గేరులో ఇంజనే బండిని పట్టియుంచవలయును. బ్రేకునే నమ్మినచో అది వేడెక్కి పట్టు తప్పును. ముందు రాబోవు వాలును కన్ను చూచును, యంత్రము చూడదు. అయినను ఈ కొత్త లారీలలోను గేరును చేతితో నిలుపు సాధనము సామాన్యముగా నుండును. డీజిలు మిగులునని న్యూట్రలులో బండి దించు దురభ్యాసము ఏ బండికైనను ఒక్కటే. అది యంత్రదోషము కాదు, కక్కురితి. 2022 సెప్టెంబరులో తిరుమల ఘాట్టుపై మన ఆర్టీసీవారు విద్యుత్ బస్సులు ప్రారంభించిరి. వానిలో క్లచ్చియు లేదు, డ్రైవరు మార్చు గేరులును లేవు.

చిన్న యజమాని చెప్పు ఆక్షేపణ వేఱు, దానిని త్రోసివేయలేను. అప్పుచేసి కొన్న ఒక్క లారీ అతని ఆస్తి. పాత గేరుపెట్టె చెడినచో మన షెడ్డు మేస్త్రి రాత్రికి రాత్రి విప్పి సరిచేయును. కొత్తదాని సెన్సారు పరదేశపు దారిలో మొరాయించినచో, కంపెనీ మనిషి కంప్యూటరు తెచ్చువఱకు కాయ ఎండలో నుండును. విలువయు హెచ్చు. బండి అమ్మువారు మన మేస్త్రులకు ఈ పని నేర్పనంతవఱకు, ఒంటిలారీ యజమాని వెనుకాడుట తప్పు కాదు.

నా భయము మఱియొకటి. కాలు నొవ్వని డ్రైవరుచేత యజమాని మఱి నాలుగు గంటలు నడిపింపడా? రెండవ డ్రైవరు దండుగ యనడా? 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము పని దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు దాటరాదని శాసించెను. దూరప్రయాణములకు అనుమతిపై 10 గంటలు, 54 గంటలు. కాని అయిదుగురికి తక్కువ పనివారున్న సంస్థకు అది సాధారణముగా వర్తింపలేదు. ఒకటి రెండు లారీల యజమానియొద్ద పనిచేయువానికి చట్టము పుస్తకములోనే యుండెను. 2025 నవంబరులో నూతన కార్మికస్మృతి దాని స్థానమున వచ్చినది. కొత్తగా తయారగు లారీల క్యాబినులో ఏసీ యుండవలెనని ప్రభుత్వము నియమము చేసినది, మంచిదే. చల్లని క్యాబినులో, క్లచ్చి లేని లారీలో, నిదుర లేని మనిషి! కాలికి దొరకిన విశ్రాంతి కంటికి దొరకనిచో ఆ బండి నేటికంటె ప్రమాదకరము. కిరాయి ఒప్పందములోనే గంటలు వ్రాయించుకొనుడని డ్రైవరు సోదరులకు నా సలహా. లారీ యజమానుల సంఘములవారు ఈ మాట తామే ముందు చెప్పిన మఱింత శోభగా నుండును.

లైసెన్సు విషయము చూతము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 10వ సెక్షను మోటారుసైకిళ్లను గేరు కలవి, గేరు లేనివి యని వేఱుచేసినది. స్కూటరుమీద పోవు పిల్లవానికి ఇంత విచారణ! టన్నుల బరువు లాగు లారీకి "రవాణా వాహనము" అను ఒక్క మాటయే. గేరు మార్చని లారీపై నేర్చినవానిని రేపు పాత లారీ ఎక్కించి రాజోలు కాలువగట్టున విడిచిన అడ్డువా రెవరు? అమెరికాలో గేరు మార్చనవసరము లేని లారీపై పరీక్ష యిచ్చినవాని లైసెన్సుపై ఆ సంగతి వ్రాయుదురు. అతడు గేరు లారీ నడుపరాదు. మన చట్టమునందును ఆ ఒక్క పంక్తి చేర్చవలయును. మఱల పరీక్షకు పోవు డ్రైవరునకు ఆ దినపు కూలి ఎవరిచ్చెదరో కూడ అందులోనే వ్రాయవలయును.