మూత్రం జారే సమస్యకు ఫిజియోథెరపీ ఉంది, మన అవ్వలకు తెలుగులో నేర్పేదెవరు?

మన సంఘాల సమావేశాల్లో తెలుగు బడి, తెలుగు పరీక్ష గురించి మాట్లాడినంతగా ఆసుపత్రి గురించి మాట్లాడం. ఆడవాళ్లకు దగ్గినా తుమ్మినా మూత్రం జారిపోయే బాధ గురించి అసలే మాట్లాడం. మొన్న కార్యవర్గంలో నేను ఈ మాట ఎత్తితే, "ఇది బయట రాసే సంగతా?" అన్నారు ఇద్దరు పెద్దలు. రాసే సంగతే. ఇందులో భాష సమస్య కూడా ఉంది.

కాన్పులు, బరువు పనులు, ముట్లాగిన తర్వాత వచ్చే మార్పులు, ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకం. వీటివల్ల మూత్రాశయాన్ని, గర్భసంచిని కింది నుంచి మోసే కటి కండరాలు సడలుతాయి. గర్భసంచి ఆపరేషన్ తర్వాత కూడా కొందరికి ఈ బాధ మొదలవుతుంది. ఆ ఆపరేషన్ అయిన స్త్రీల శాతం దేశంలోకెల్లా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపిస్తున్నాయి. అక్కడి నుంచి కోడళ్లను తెచ్చుకున్న ఇళ్లు మనలో తక్కువేం కాదు. ఈ బాధ ఉన్న ఆడవాళ్లు నీళ్లు తాగడం తగ్గిస్తారు, పెళ్లికి బస్సులో రమ్మంటే మోకాళ్ల నొప్పి అంటారు. ఇంట్లో మగవాళ్లు అదే నిజమనుకుంటారు.

దీనికి మొదటి వైద్యం ఆపరేషన్ కాదు, వ్యాయామం. అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లోనే దీని గురించి రాశారు. దగ్గు, తుమ్ము, బరువు ఎత్తడం వల్ల జారేవారికి ముందుగా కనీసం 3 నెలలు, తెలిసినవారి పర్యవేక్షణలో ఈ వ్యాయామం చేయించాలని బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. రోజుకు 3 సార్లు, ప్రతిసారీ కనీసం 8 బిగింపులు. ఖర్చు లేదు, పరికరం అక్కర్లేదు. ఆపుకోలేనంత తొందర వచ్చి దారిలోనే జారిపోయేవారికి, వెళ్లే వ్యవధిని కొద్దికొద్దిగా పెంచే అభ్యాసం కనీసం 6 వారాలు నేర్పుతారు.

చిక్కంతా "తెలిసినవారి పర్యవేక్షణ" అన్న చోట ఉంది. బి.పి. మాత్రను ఏ భాషవారు చేతిలో పెట్టినా పనిచేస్తుంది. ఈ కండరం కంటికి కనబడదు, చెయ్యి ఊపి చూపించడానికి లేదు, మాటతోనే నేర్పాలి. గాలి పోకుండా, మూత్రం రాకుండా ఆపుకున్నట్టు లోపలికి, పైకి బిగించాలి. కొన్ని క్షణాలు ఉంచి పూర్తిగా వదలాలి. ఊపిరి బిగబట్టకూడదు, తొడలు, పిర్రలు బిగించకూడదు. చాలామంది దీన్ని తిరగేసి, కాన్పప్పుడు ముక్కినట్టు కిందికి తోస్తారు. అప్పుడు మేలు జరగకపోగా ఆ కండరాల మీదే భారం పడుతుంది. మార్కెట్లో తమిళమో కన్నడమో బాగానే మాట్లాడే అవ్వ, ఇలాంటి చోట అర్థం కాకపోయినా సిగ్గుతో తల ఊపి వచ్చేస్తుంది.

తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న "మక్కళై తేడి మరుత్తువం", అంటే ప్రజలను వెతుక్కుంటూ వచ్చే వైద్యాన్ని, మా కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే మొదలుపెట్టింది. పేరులోనే పల్లి ఉన్న ఊరు. బి.పి., షుగర్ మందులతో పాటు ఇంటికి వచ్చి ఫిజియోథెరపీ చేయించడం కూడా అందులో ఉంది. మంచి పథకం. ఇంటికి వచ్చే కార్యకర్తను ఈ వ్యాయామం గురించి మన ఇళ్లలో అడగాలి. 70 ఏళ్లు దాటినవారికి 2024 అక్టోబర్ 29 నుంచి ఇస్తున్న ఆయుష్మాన్ కార్డు సంగతి వేరు. ఏడాదికి 5 లక్షల రూపాయల రక్షణ ఉన్నా అది ఆసుపత్రిలో చేరినవారికే. వారం వారం ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లే ఖర్చు దాంట్లోకి రాదు. ఆపరేషన్‌కు డబ్బు దొరుకుతుంది, ఆపరేషన్ తప్పించగల వ్యాయామానికి దొరకదు. గుమాస్తాగా బిల్లులు చూసిన నాకు ఇది వింత లెక్కగానే ఉంది.

1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం మన పిల్లల ప్రాథమిక చదువు మాతృభాషలో ఉండేలా చూడమంటుంది. అందులో ఆసుపత్రి మాట లేదు. అయితే 350వ అధికరణం ప్రకారం, రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి అర్జీ పెట్టుకోవచ్చు. ఒడిశా, మహారాష్ట్ర, కర్ణాటకల్లోని సంఘాలూ ఈ దారి వాడుకోవచ్చు. అడగాల్సింది కొంచెమే: తెలుగువారు ఎక్కువగా ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఈ వ్యాయామం నేర్పే తెలుగు కరపత్రం, తెలుగు వచ్చిన ఆరోగ్య కార్యకర్త. కరపత్రంలో "కటి కండరాల సంకోచం" అని రాస్తే మాత్రం ఎవరికీ అక్కరకు రాదు. హోసూరు అవ్వకు హోసూరు మాటలోనే చెప్పాలి. చదువు రానివారి కోసం ఫిజియోథెరపీ చదివిన మన ఆడపిల్లలు ఎవరైనా ఇంటి మాటలో చెప్పి ఫోన్‌లో రికార్డు చేసి ఇస్తే సంఘం ఊరూరా పంపుతుంది.

ఒక జాగ్రత్త. మూత్రంలో రక్తం, మంట, జ్వరం, కింద ఏదో జారినట్టు ఉండటం, కాళ్ల తిమ్మిరితో హఠాత్తుగా మొదలవడం, వీటిలో ఏది ఉన్నా వ్యాయామం కంటే ముందు డాక్టరును చూడాలి.

అర్జీ నమూనా రాసి ఉంచాను, కావలసిన సంఘాలు అడిగి తీసుకోండి. ఇచ్చేటప్పుడు రెండో ప్రతి మీద తేదీ వేయించి, కార్యాలయం ముద్ర కొట్టించుకోవడం మరవకండి.