పద్దు చేతిలో ఉండాలా, గాలిలో ఉండాలా?

పోస్టాఫీసు మహిళా ఏజెంట్లు మనందరికీ తెలుసు. ఇల్లిల్లూ తిరిగి ఆర్‌.డి. డబ్బు వసూలు చేసి కడుతుంటారు. మహిళా ప్రధాన్ క్షేత్రీయ బచత్ యోజన పేరుతో 1972లో మొదలైన ఏర్పాటు ఇది. ఏజెంట్లంతా ఆడవాళ్ళే. మా బచ్చన్నపేటలో మా పక్కింటి వదినె కూడా అదే పని చేస్తుంది. పొద్దున ఆలింపూర్, మధ్యాహ్నం కొడవటూరు, సాయంత్రం మళ్ళీ మా బజారు. ఈమధ్య ఆమె వెంట ఇద్దరు పడ్డారు. ఇంట్లో కంప్యూటర్‌లో వేసుకునే సాఫ్ట్‌వేర్ ఒక్కసారి కొనుక్కుంటే చాలని ఒకాయన అంటాడు. ఇంటర్నెట్‌లో నడిచే తన సాఫ్ట్‌వేర్‌కు నెల నెలా కడితే ఎక్కడున్నా ఫోన్‌లో లెక్క చూసుకోవచ్చని ఇంకో ఆయన.

"ఏది మంచిదంటవ్?" అని నన్నడిగింది. కథలు రాసుకునేదాన్ని, నాకేం తెలుసు? అయినా నాలుగు రోజులు ఆమె పని గమనించాక నాకంటూ ఒక అభిప్రాయం ఏర్పడింది.

ముందు ఆ పనిలో ఉన్న చిక్కు చెప్పాలి. నెలలో మొదటి 15 రోజుల్లో తెరిచిన ఖాతాలకు ప్రతినెలా 15వ తేదీలోగా, తర్వాత తెరిచినవాటికి నెలాఖరు పనిదినంలోగా డబ్బు పడాలి. దాటితే నూటికి నెలకు రూపాయి జరిమానా. నాలుగు వాయిదాలు తప్పితే ఖాతా ఆగిపోతుంది, రెండు నెలల్లో పునరుద్ధరించుకోకపోతే ఇక అందులో కట్టడానికి వీలుండదు. ఏజెంటుకు వచ్చే కమీషన్ నూటికి 4 రూపాయలు. ఎవరో ఒకరిది మరిచిపోయి ఆ జరిమానా తన చేతినుంచి పెట్టుకుంటే కమీషన్‌లో పావు వంతు పోయినట్టే! డబ్బు సంగతి అలా ఉంచండి, "నేను ఇచ్చిన, నువ్వు కట్టలే" అనే మాట ఒక్కసారి పడిందంటే మర్నాడు ఆ గడప ఎక్కగలదా?

ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. పోస్టాఫీసు లెక్క ఎటూ ఇంటర్నెట్‌లోనే ఉంది. 2013 చివరినుంచి పోస్టాఫీసు పొదుపు ఖాతాలు దశలవారీగా కోర్ బ్యాంకింగ్‌లోకి వెళ్ళాయి. ఏజెంటు శాఖవారి పోర్టల్‌లో జాబితా తయారుచేసి, దాని నంబరుతో కౌంటర్‌కు వెళ్ళాలి. అక్కడ మన ఇష్టానికి చోటు లేదు. మనం ఎంచుకోగలిగింది మన సొంత పద్దు వరకే. కొత్త ఐటీ 2.0 వ్యవస్థకు మారేటప్పుడు 2025లో ముందే ప్రకటించి ఆయా పోస్టాఫీసుల్లో ఒకరోజు లావాదేవీలు ఆపారు. అలాంటి రోజున సొంత పద్దు కూడా ఇంటర్నెట్‌లోనే ఉండి, అదీ తెరుచుకోకపోతే చేతిలో ఏం మిగులుతుంది? అందుకే పోస్టాఫీసు లెక్క ఉన్నచోటే మన లెక్క కూడా పెట్టకూడదంటాను.

దుకాణాలవాళ్ళు ఇది ఎప్పుడో గ్రహించారు. 1986లో బెంగళూరులో పుట్టిన ట్యాలీ దుకాణంలోని కంప్యూటర్‌లోనే కూర్చుని బిల్లులు రాస్తుంది. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక రిటర్ను మాత్రం వెబ్‌సైట్‌లో వేయాలి. సైటు తెరుచుకోకపోతే రిటర్ను ఆగుతుందేమో గానీ బేరం ఆగదు.

అయితే దుకాణం కదలదు, మా వదినె కదులుతుంది. ఇంట్లో కంప్యూటర్ ఉంటే ఊరవతల గడప దగ్గర ఏం లాభం? ఇంటర్నెట్ అమ్మే ఆయన బలం ఇదే. కానీ ఒక ఊరి చివర నా కళ్ళముందే ఆమె ఫోన్ ఎత్తి పట్టుకుని, "సిగ్నల్ వస్తలేదు" అని వాకిట్లో అటూ ఇటూ తిరిగింది. ఆ ఇంటావిడ డబ్బు చేతిలో పట్టుకుని నిలబడే ఉంది. చివరికి సంచిలోంచి కాగితం తీసి రాసుకుని, కార్డు మీద సంతకం పెట్టి ఇచ్చింది.

అంగన్‌వాడీ టీచర్లను అడగండి, ఈ బాధ ఇంకా బాగా చెబుతారు. 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ వచ్చింది. అదే ఏడు ఆగస్టులో మహారాష్ట్రలో కార్యకర్తలు ప్రభుత్వమిచ్చిన ఫోన్లు తిరిగి ఇచ్చేశారు. ఫోన్లు నత్తనడక, యాప్‌లో ఇంగ్లీషు అని వాళ్ళ గోడు. ఆ తర్వాత యాప్‌లో భాషలు పెరిగాయి, అది వేరే మాట. 2024 డిసెంబరులో బీమా సఖి పథకం వచ్చాక పదో తరగతి చదివిన ఆడవాళ్ళు ఇంకెందరో ఇలా సంచీ, ఫోనూ పట్టుకుని బయల్దేరుతున్నారు. వాళ్ళ దగ్గరికీ ఈ అమ్మకందార్లు వస్తారు.

వస్తే ఒక్క పని చేయండి. ఆయన ఎదుటే ఫోన్‌లో డేటా ఆపేసి, "ఇప్పుడు ఫలానా ఆవిడ లెక్క చూపించు, ఇవాళ్టి నూరు రూపాయలు ఎక్కించు" అనండి. ఎక్కి, తర్వాత సిగ్నల్ రాగానే తనంతట తానే సర్దుకుంటే సరే. తెల్లముఖం వేస్తే ఎంత చవకైనా వద్దు. అంతకంటే ఇంటి కంప్యూటర్‌లో లెక్క పెట్టుకుని, పొద్దున్నే బాకీల జాబితా అచ్చు తీసుకుని వెళ్ళడం నయం. కాకపోతే దాని నకలు వారానికోసారి పెన్‌డ్రైవ్‌లో తీసి కంప్యూటర్‌కు దూరంగా దాచాలి. కంప్యూటర్ పాడైన రోజున మూడేళ్ళ లెక్క దానితోపాటు పోకూడదు కదా. ఇంకో తిప్పలు, సాధారణంగా ఈ కంప్యూటర్ గుట్టంతా ఇంట్లో కొడుకు దగ్గర ఉంటుంది. వాడు హాస్టల్‌కు పోతే జాబితా తీసేదెవరు? మీరే నేర్చుకోవాలి, తప్పదు.

మరొక జాగ్రత్త. ఏ సాఫ్ట్‌వేరైనా పోర్టల్ ఐడీ, పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వకండి. "మేమే జాబితా వేసేస్తాం అమ్మా" అంటారు. ఆ పాస్‌వర్డ్ ఇవ్వడమంటే ఊరందరి ఖాతాల వివరాలు ముక్కూమొహం తెలియని వాడికి అప్పజెప్పడమే. మనల్ని నమ్మి ఇచ్చిన పేర్లు, ఫోన్ నంబర్లు ఎవరి సర్వర్‌లో ఉంటాయో, మానేసిన రోజున అవి తుడిచేస్తారో లేదో కాగితం మీద రాయించుకోండి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది, 2025 నవంబరులో నియమాలు కూడా వెలువడ్డాయి. కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. నెలవారీ కట్టడం ఆపేస్తే మన లెక్క మనకు ఫైలుగా ఇస్తారా అన్నది కూడా డబ్బు కట్టకముందే అడగాలి.